మా యింటి కొయ్యనేల

మా యింటి ముందుగదిలో కిటికీ క్రింద నాలుగు జానల పొడవున నేల కొంచెము తేటరంగుగా నుండును. తక్కిన గదియంతయు తేనెరంగునకు తిరిగినను ఆ భాగము మాత్రము వెలవెలబోవుచునే యున్నది. వచ్చిన చుట్టములలో కన్నుగల యాడువారు కూర్చుండక ముందే, "అదేమమ్మా, అక్కడ రంగు వేఱుగా నున్నది?" అని యడుగుదురు. అతుకు వేయించితి మని చెప్పి కాఫీ తెచ్చుటకు లోనికి పోవుట మాకు అలవాటు. ఆ యతుకు కథ పూర్తిగా నెవరికిని చెప్పలేదు. కొయ్యనేల వేయించుకొన దలచు సోదరీమణుల కుపయోగపడు నని కొంతయు, మా మనస్సు తేలికపడు నని కొంతయు, దాని నిచట వ్రాయుచున్నాము.

మేముండునది జర్మనీ దేశమున స్టుట్‌గార్టు నగరపు శివారు. 2016లో నొక పాత యిల్లు కొంటిమి. క్రిందిగదిలో నేలకు అంటించిన తివాచీ యుండెను. ఎంత దులిపినను దాని ధూళి వదలదు. మా పెద్దపిల్ల దానిపై ఆడుకొన్నంతసేపును తుమ్ముచుండెడిది. 2018లో మఱల మాకు నెల తప్పగా, రెండవ బిడ్డ పుట్టుటకు ముందే ఆ తివాచీని పెఱికించి కొయ్యనేల వేయింపవలె నని నిశ్చయించితిమి. మార్గశిరమున కానుపు. పుట్టింట మాకు తల్లి లేదు గావున పురుడుపోయుటకు తెనాలినుండి మా యత్తగారు రావలసియుండెను. చూచిపోవ వచ్చువారికి ఈ దేశమున తొంబది దినములకే వీసా యిత్తురు. డిసెంబరు మొదటి తేదీకి ఆమె వచ్చునప్పటికి నేల సిద్ధముగా నుండవలె నని మాకు పట్టుదల. ఆ తొందరయే పిమ్మట మా కొంప ముంచినది.

చిన్నచిన్న కొయ్యపలకలను ఒకదాని నొకటి యొరసికొనునట్లు పొదిగిన నేలను ఇచ్చటివారు పార్కెట్టు అందురు. అంగడికి పోయినచో మూడు విధముల సరకు చూపుదురు. మొదటిది లామినేటు. ఇది చూపునకే కొయ్య. పొట్టును జిగురుతో నదిమిన అట్టపై కొయ్యచారల ఛాయాచిత్రము నంటించి గట్టిపూత పూసినది. చవుక. గీత పడినచో చెక్కి బాగుచేసికొన వీలులేదు. రెండవది పొరలపలక. అడుగున చవుకకొయ్య పొరలను నిలువుగా నొకటి, అడ్డముగా నొకటి యతికి, పైన మూడునాలుగు మిల్లీమీటర్ల మేలుకొయ్య వేయుదురు. మూడవది నిండుకొయ్య. మందము 22 మిల్లీమీటర్ల వఱకు నుండును. అంతయు నొకే కొయ్య. అంగడివాడు మంచివాడు. తేమకు పొరలపలక తక్కువ కదలును, అదియే తీసికొమ్మని చెప్పెను. మేము వినలేదు. నిండుకొయ్యను పలుమాఱులు పైపైన చెక్కి క్రొత్త చేసికొనవచ్చును. బెర్లినులో మొదటి మహాయుద్ధమునకు ముందు కట్టిన యిండ్లలో ఇట్టి నేలలు నూఱేండ్లు దాటియు నడుచుచున్నవి. మనుమల కాలమువఱకు నిలుచునది మన చేతులమీదుగా వేయింపవలె నను నాశ మాది.

కొయ్యలలో బీచియు గట్టిదే గాని గాలిలో తేమ మాఱినప్పుడెల్ల ఎక్కువగా ఉబ్బును, క్రుంగును. ఓకు నిదానమైనది. తెలుగు బైబిలు ననువదించినవారు ఈ చెట్టును సింధూరవృక్ష మనిరి. మన మైదానములలో నిది కానరాదు గాని హిమాలయపు కొండలలో దీని జాతివి కలవు. అంతకంటె దగ్గఱ చుట్టఱిక మింకొకటి యున్నది. పచారీ యంగళ్ళలో నమ్ము మాచికాయ నిజముగా కాయ కాదు. పశ్చిమాసియా ఓకుచెట్టు లేతకొమ్మపై కందిరీగ జాతి చిన్నపురుగు గ్రుడ్డు పెట్టగా, దానిచుట్టు చెట్టు పెంచుకొన్న బుడిపె. ఆ వగరే ఓకుకొయ్యలోను కలదు. ఈ మాట టెలిఫోనులో చెప్పగా అత్తగారు, "మాచికాయ చెట్టా? అయితే పురుగు పట్టని చెక్కే అయి ఉంటుంది, తీసుకోండి" అనిరి. పురుగు పెట్టిన బుడిపె పేరు చెప్పి పురుగు పట్టదనుట చూచి మా వారు నవ్విరి.

ఆంధ్రదేశమునందలి సోదరీమణులు మమ్ము చూచి నిండు ఓకునకు తొందరపడకుండుట మంచిది. కోస్తాలో వానకాలపు ఉక్కకును, మండువేసవికిని నడుమ కొయ్య పొందు మాఱుపాటు చాల యెక్కువ. చెదల భయము వేఱు. అచ్చట తప్పనిసరిగా వేయించుకొన దలచినచో పొరలపలకయే మేలు.

గది 28 చదరపు మీటర్లు. చేపముల్లు వరుసలో పలకలను ఏటవాలుగా పొదుగుటచే అంచులవద్ద కోత యెక్కువ. అందుచే నూటికి పదివంతు లధికముగా తెప్పించితిమి. ఓకునందును తరగతులు కలవు. ముడులులేని యేకరీతి చారలది ఖరీదు. మేము నడిమి తరగతి తీసికొంటిమి. అచ్చటచ్చట ఒక ముడి కన్నువలె చూచుచుండుట మాకు ముచ్చటగా తోచెను. పైపూత విషయమున మాత్రము ఇంట వాదము జరిగెను. వార్నీషు పూసినచో తుడుచుట సులువు, కాని ఎక్కడైన చెదరినచో గదియంతయు మఱల చెక్కవలెను. నూనె పూసినచో ఏడాదికో రెండేండ్లకో మఱల పూయవలెను, కాని చెడినచోట అంతమట్టుకే బాగుచేసికొనవచ్చును. పిల్లలుగల యిల్లు గదా యని నూనెయే నిశ్చయించితిమి. ఇచ్చట నొక హెచ్చరిక. అవిసెనూనె పట్టిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. ఆ నూనె గాలితో కలియునప్పుడు వేడి పుట్టి, నిప్పు తగులకయే గుడ్డలు అంటుకొనును. మా పనివాడు వానిని నీటిడబ్బాలో వేసి మూతపెట్టి బయటికి తీసికొనిపోయెను.

పాతగచ్చు పొడియై రాలుచుండుటచే సెప్టెంబరు నడుమ ఆఱు సెంటీమీటర్ల మందమున క్రొత్తగా సిమెంటుగచ్చు పోసిరి. క్రొత్తగచ్చు ఆఱుటకు పనివారికి నోటిలెక్క యొకటి కలదు: మొదటి నాలుగు సెంటీమీటర్లకు వారమునకు ఒకటి చొప్పున, ఆపైన ఒక్కొక్కదానికి రెండేసి వారములు. ఆ లెక్కకే మాది ఎనిమిది వారములు కావలెను. అదియు కిటికీలు తెఱచి గాలియాడనిచ్చినచో. ఆ యేడు మేము చలికి భయపడి కిటికీలు మూసితిమి. అక్టోబరు నెలాఖరున, ఆఱు వారములకే, పని మొదలుపెట్టింపుమని పనివానిని తొందరపెట్టితిమి. అతడు తల గోకికొని, "మీ యిష్టము" అనెను.

పని చూచుటకు మాత్రము పండుగ. గది నడుమ దారము లాగి గీత గీసి, పంటికఱ్ఱువంటి రేకుతో జిగురు పూసి, పలకనొకదానిని ఎడమకు, ఒకదానిని కుడికి పొదుగుచు నలుగు దినములలో ముగించిరి. పిమ్మట యంత్రముతో మూడు మాఱులు, మొదట గరుకుకాగితము, తుదకు మెత్తనిది వేసి రాచిరి. ఇల్లంతయు పులిసిన వగరువాసన. కొయ్య వెడల్పగుటకు చోటుండవలె నని గోడలచుట్టును ఒకటిన్నర సెంటీమీటరు సందు విడిచి దానిని పట్టీతో కప్పవలె నని మేము పుస్తకమున చదివియుంటిమి. పట్టీ క్రింద నిజముగా సందున్నదా యని వంగి చూడలేదు. నిండునెలలతో వంగుట యెట్లు?

అత్తగారు వచ్చిన దినమున చెప్పులు విడిచి గడపలోనే నిలిచి చాలసేపు చూచిరి. "తాటాకుచాప అల్లినట్టుంది" అనిరి. వంగి అరచేతితో నిమిరి, "చల్లగా లేదే!" అని యాశ్చర్యపడిరి. మఱునాటినుండి ఆ నేలపైననే కూర్చుండి కూరలు తరుగుటయు, పెద్దదానికి కథలు చెప్పుటయు. కుర్చీపై నిమిషమైనను నిలువలేని వారి కది బాగుగా కుదిరెను. ఒక్కటే వారికి మింగుడుపడలేదు: కడుగరాని నేల యనునది. తెనాలిలో వారిది నాపరాళ్ళ పరుపు. తెల్లవాఱక ముందే బిందెలతో నీరు గ్రుమ్మరించి చీపురుతో వీధివఱకు తోయుట ఏబదియేండ్ల యలవాటు. పిండిన గుడ్డతో తుడుచుటను చూచి, "మొహం కడుక్కోమంటే తడిచెయ్యి రాసుకున్నట్టుంది" అనుచుండెడివారు.

డిసెంబరు నడుమ పిల్లవాడు పుట్టెను. ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు మా చేతనే నేలకు మొదటి గాయ మయ్యెను. ఇనుప పెనమును కడిగి, గోడకానించి నేలపై బెట్టి మఱచితిమి. తెల్లవాఱునప్పటికి అర్ధచంద్రాకారమున నీలినల్లని మచ్చ. మేము నెత్తి కొట్టుకొనుచుండగా అత్తగారు దాని వంక చూచి, "ఇది సిరా" అనిరి. "మా తాతగారు కరక్కాయా అన్నభేదీ కలిపి కాచేవారు. ఈ చెక్కలో వగరుంది, పెనంలో ఇనుముంది, తడి తోడైంది." అక్షరాల నంతియే. ఐరోపాలోను శతాబ్దములపాటు మాచికాయ, అన్నభేది కలిపిన సిరాతోనే దస్తావేజులు వ్రాసిరి. ఆగ్జాలిక్ ఆమ్లము నీటిలో కలిపి అద్దినచో ఈ మచ్చ విడుచును. అది విషము గావున చేతులకు తొడుగులు వేసికొని, పిల్లలను దూరముగా నుంచి, పిమ్మట మంచినీటిగుడ్డతో తుడిచి నూనె పూయవలెను. మా వారు అట్లే చేసిరి. బాలింత మఱపు గదా యని నవ్వి యూరకుండిరి. మమ్ము ఒక్క మాటైన నెవరు ననలేదు.

2019 జనవరి 15వ తేదీ సంక్రాంతి. బయట మంచు. వాకిట ముగ్గువేయ వీలులేక అత్తగారు తోటవైపు తలుపునకు లోపల, కిటికీ దగ్గఱ, చిన్న బిందెడు నీరు పోసి కడిగి, వెంటనే పొడిగుడ్డతో నద్ది, బియ్యపుపిండితో చుక్కల ముగ్గు పెట్టిరి. పెద్దపిల్ల ఆనందమునకు మేరలేదు.

పదిదినములు గడచినవి. కిటికీ క్రింద పలకల అంచులు లేచి నడుములు పల్లమై యింటికప్పు పెంకులవలె నయ్యెను. మఱియొక వారమునకు వానిలో కొన్ని జిగురు విడిచి అప్పడమువలె పొంగెను. కబురుచేయగా పనివాడు వచ్చి, వంగనైన వంగక, "ఇచ్చట నీరు పోసితిరా?" అని యడిగెను. మా వారు ఉన్నది చెప్పిరి. "అట్లయిన దోషము మాది కాదు" అని అతడు వెడలిపోయెను.

ఆ రాత్రి భోజనమువద్ద మా వారు తల్లితో, "అమ్మా, ఇది తెనాలి కాదని ఎన్నిసార్లు చెప్పాలి?" అనిరి. ఆ మాట నాపవలసిన మేము, "మమ్మల్ని ఒక్కమాట అడిగి ఉండవలసింది, అత్తయ్యగారూ" అని మఱియొకటి చేర్చితిమి. వారు బదులు చెప్పలేదు. పెరుగన్నము కలుపుకొనుచుండిన చేయి మాత్రము ఆగెను.

నాటినుండి వారు ముందుగదిలో కూర్చుండుట మానిరి. వంటింట బల్లప్రక్క కుర్చీపై కాళ్ళు వ్రేలాడవేసికొని కూర్చుండెడివారు. పిల్లవానికి నీళ్ళుపోసి యెత్తుకొని వచ్చునప్పుడు చుక్కనీరు నేలపై రాలినను వెంటనే వంగి చెంగుతో నద్దుదురు. మోకాళ్ళ నొప్పితో వంగుట కష్టమని మే మెఱుగుదుము. చూచుచునే యుంటిమి.

ఫిబ్రవరి నెలాఖరున గడువు తీరి వెళ్ళిపోయిరి. ఉయ్యాలలో పక్కబట్టలు మార్చుచుండగా ఐదువందల నోట్లు ఇరువది, కాగితమున చుట్టి కనబడినవి. కాగితముపై "నేలకు" అని వ్రాసియుండెను.

బీమావారు కారణము తేల్చిన నివేదిక కావలె ననగా, ఏప్రిలులో ప్రమాణము చేసిన నిపుణు డొకడు వచ్చెను. వృద్ధుడు. కిటికీవద్దకు పోకుండ మొదట ఎదుటిగోడవద్ద నున్న అలమారును జరిపింపు మనెను. దాని క్రిందను పలకలు పెంకులవలెనే యున్నవి. "ఇచ్చట గూడ నీరు పోసితిరా?" అని యడిగెను. మేము మొగమొగములు చూచుకొంటిమి. అతడొక పలకను పెకలించి సూదులుగల యంత్రమును గ్రుచ్చెను. పైని తేమ నూటికి 8, అడుగున 15. "పైనుండి పడిన నీరైనచో పైభాగము తడియవలెను. ఇది క్రిందినుండి త్రాగినది" అనెను.

పిమ్మట చేసిన పని మేము మఱవలేము. ఉలితో గచ్చును కొంత త్రవ్వి, నూఱి, తూచి, ఉక్కుసీసాలో ఉక్కుగోళీలతోను చిన్న కార్బైడు గొట్టముతోను వేసి బిగించి గిలకొట్టెను. మనదేశమున మామిడికాయలను దొంగచాటుగా మగ్గబెట్టు కార్బైడే యిది. గచ్చులోని తేమ తగిలి వాయువు పుట్టును. మూతమీది ముల్లు ఆ వాయువు త్రోపును చూపును. సిమెంటుగచ్చుపై కొయ్య వేయుటకు ఈ దేశపు కట్టుబాటు ప్రకారము 2.0 దాటరాదు. ఐదు నెలల తరువాత గూడ మా గచ్చు 3.1 చూపెను. నేల వేయుటకు ముందే చేయవలసిన పరీక్ష యిది, పావుగంట పని. పనివాని కాగితములలో అట్టి లెక్క యేదియు లేదు. కిటికీ క్రింది పట్టీ నూడదీయగా, కొయ్య కదలుటకు విడువవలసిన సందు జిగురుతోను సున్నముతోను పూడియుండెను. ఉబ్బిన కొయ్యకు ప్రక్కకు దారి లేక అచ్చట పైకి లేచినది.

"తడిసినవెంటనే అద్దిన బిందెడు నీటివలన ఇది కాదు" అని వృద్ధుడు చెప్పెను. పిమ్మట మేము అక్టోబరులో పనివానికి వ్రాసిన లేఖ ప్రతిని తీసి బల్లపై నుంచెను. ఎట్లయినను నవంబరులోపల కావలె నని మా చేతివ్రాలు. అందుచే ఖర్చు సగము మాకును, సగము పనివానికిని వచ్చినది.

ఆ దినములలోనే పుస్తకమున నొక సంగతి చదివితిమి. ఫ్రాన్సు దేశపు వెర్సాయి రాజమందిరమున 1684లో చలువరాతి నేలలు తీసివేసి కొయ్యపార్కెట్టు వేయించిరట. రాతిని మాటిమాటికి కడుగు నీరు క్రిందికి దిగి దూలములు క్రుళ్ళుచుండుటయే కారణము. నేల కడుగు పిచ్చి తెనాలివారికే గలదని భావించిన మా వారికి ఆ పుట చూపితిమి. చదివి, మాటాడకుండ పుస్తకము మూసిరి.

ఆ సాయంకాలమే తెనాలికి టెలిఫోను చేసిరి. "అమ్మా, నువ్వు పోసిన నీళ్లవల్ల కాదు. గచ్చు ఆరలేదు. తప్పు మాదే." కొంతసేపు అటువైపు మాట లేదు. "పిల్లాడు బోర్లాపడ్డాడా?" అని యడిగిరి. పడినాడని చెప్పితిమి. అంతియే. మేము చేర్చిన మాటకు మేమును క్షమాపణ చెప్పుకొనవలె నని రిసీవరు చేతికి తీసికొంటిమి గాని, అప్పటికే వారు వసకొమ్ము అరగదీయు విధము చెప్పుచుండిరి.

ఉబ్బిన నేలను వెంటనే చెక్కి చదును చేయరాదు. ఆఱినపిమ్మట పలకలు తమంతట తాము సర్దుకొనును. ముందే చెక్కినచో అప్పుడు నడుములు లేచును. ఏడాది యాగి, 2020 వసంతమున గదియంతయు చెక్కించి నూనె పూయించితిమి. కిటికీ క్రింది పలకలు మాత్రము పనికిరాకపోయెను. వానికి బదులు తెచ్చినవి వేఱు చెట్టువి. నాటినుండి నేటివఱకు రంగు కలియలేదు. చలికాలమున గది గాలిలో తేమ నూటికి నలువది తగ్గకుండ చూచుకొనుచున్నాము. సన్నని సందులు అప్పటికిని తెఱచుకొనును, వేసవికి మూసికొనును. అది కొయ్య ఊపిరి.

తోటతలుపునొద్ద మీటరు మేర కొయ్యనే తీయించివేసితిమి. అచ్చట వేయుటకు రాయి వెదకుచు పోగా, అంగడిలో నల్లరాతిపై వెండిచుక్కలు మెఱయుచు కనబడెను. ఊరు అడుగనక్కఱలేదు, ఆ చుక్కలరాయి ఒంగోలునకు దగ్గఱ చీమకుర్తిలో త్రవ్వునదే. తడిసినప్పుడు కాలు జాఱకుండ గరుకుగా కొట్టించి తెచ్చితిమి. ఇరువది నోట్ల విలువకు ఇంచుమించు సరిపోయెను.

2022లో అత్తగారు మఱల వచ్చిరి. మొదటి దినమున గడపలో నిలిచి కొయ్యవంకను, రాతివంకను చూచిరి. "చీమకుర్తి రాయిలా ఉందే. ఎంతయింది?" అనిరి. "మీరిచ్చిన దానితోనే అత్తయ్యగారూ" అంటిమి. వారేమియు ననలేదు. మఱునాడు తెల్లవాఱుజామున నీటిచప్పుడు విని లేచివచ్చి చూచితిమి. బిందె ప్రక్కనుండెను, రాయి కడిగియుండెను, ముగ్గు సగము పడియుండెను. నాలుగేండ్లవాడు కళ్ళు నులుముకొనుచు కొయ్యయంచున నిలిచియుండెను. అత్తగారు తలయెత్తి మమ్ము చూచి, పిండివ్రేలితో కొయ్యవైపు చూపి, "చుక్క పడలేదు, చూసుకో అమ్మాయీ" అనిరి.